ఇసుకయొద్ద ఆగిన ప్రదక్షిణము

గత వైశాఖములో ఒక రాత్రి, భోజనములు ముగిసి విస్తళ్లు తీసిన పిమ్మట, విదేశమున ఉద్యోగము చేయుచు సెలవులకై ఇంటికి వచ్చిన మా మేనల్లుడు, తడియాఱని బల్లమీదనే ఐస్‌లాండు దేశపటమును పఱచి, నాలుగు మూలల నాలుగు గిన్నెలు బరువుంచి, ఆ ఉత్తరసముద్రద్వీపము చుట్టును వేసవిలో పదిదినములు కారులో తిరిగివచ్చుటకు లెక్కలు కట్టసాగెను. ఏ రాత్రి ఏ ఊర బస, మజిలీకిని మజిలీకిని నడుమ ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ పెట్రోలు దొరకును అనునవన్నియు తేలినవి కాని, మొదటి ప్రశ్న మాత్రము తేలలేదు. "మామయ్యా, కుడిపక్కనుంచి తిరిగిరానా, ఎడమపక్కనుంచా?" అని అడిగెను. నేను తలయెత్తకుండనే, "ప్రదక్షిణమంటే ఒకటే దారి కదరా, మధ్యనున్నది కుడిచేతివైపు ఉండాలి" అంటిని. మా అక్కయ్య లోపలినుండి, "అదేమన్నా గుడా, గోపురమా? వాడికి అనువైన దారిన వాణ్ని పోనీరా" అని కసరినది.

అక్కయ్య మాట తీసివేయదగినది కాదు. కాని ఆ దేశపు భాషలో ఈ విషయమున ఒక చిత్రమున్నది. గడియారపుముల్లు తిరుగు దిశను వారు 'రెత్‌సైలిస్' అందురు. అనగా సూర్యునితో సరియైన దారి. అందుకు ఎదురుదిశ 'రాంగ్‌సైలిస్'. అనగా సూర్యునికి తప్పుదారి. మనవారు ప్రదక్షిణ మనియు అప్రదక్షిణ మనియు విడదీసినదానినే, ధ్రువవృత్తమునకు అంచున నివసించు ఆ జనులును సూర్యగతిని చూచియే విడదీసి, ఒకదానికి తప్పు అను పేరుకూడ పెట్టిరి. అయినను నేడు అచ్చటికి పోవు యాత్రికులలో పెక్కుమంది, దక్షిణతీరమునందు జలపాతములు, హిమానీనదములు రాజధానికి దగ్గఱగా నున్నవను ఆశచేత, రేక్యావిక్ విడిచి తిన్నగా దక్షిణమునకే, అనగా తప్పుదారినే, పోవుదురు.

ఆ దేశమును చుట్టివచ్చు బాటకు హ్రింగ్‌వేగుర్ అని పేరు, వలయమార్గమని అర్థము. అధికారుల పట్టికలో దాని సంఖ్య 1. పొడవు 1,300 కిలోమీటర్లకు పైచిలుకు. అనగా హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు పోయి తిరిగివచ్చినదానికంటె కొంచెమే ఎక్కువ. పటముమీద చూచినవారికి అది ఆ ద్వీపముతోపాటు పుట్టిన ఒడ్డాణమువలె కనబడును. కాని ఆ ఒడ్డాణమునకు కొలికి పడినది 1974వ సంవత్సరము జూలై 14వ తేదీన. అంతకు ముందు 1,100 సంవత్సరములు ఆ దేశమున మనుష్యులు కాపురముండిరి, శాసనసభలు తీర్చిరి, కావ్యములు వ్రాసిరి, ఒకరినొకరు చంపుకొనిరి, చంపినదానికి వ్యాజ్యములాడిరి. దేశమును తెగని బాటమీద చక్రములపై ఒక చుట్టు చుట్టివచ్చినవాడు మాత్రము ఒక్కడును లేడు. ఈ ఆలస్యమునకు కారణము మంచు అని ఎవరైనను తలంతురు. నిజముగా దారికి అడ్డుపడినది ఇసుక. ఆ ఇసుకపై వేసవిలో దిక్కు మార్చుకొనుచు పాఱు నీరు.

ఆ దేశపు పాత పంచాంగమున ఋతువులు రెండే: వేసవి, శీతకాలము. ఏప్రిలు నెల మూడవవారమునకు అటునిటుగా వచ్చు ఒక గురువారమును 'వేసవి మొదటి దినము' అని నేటికిని ఉత్సవము చేసి, బడులకు కచేరీలకు సెలవు ఇత్తురు. ఆ దినమున మంచు కురిసినను పండుగ ఆగదు. ప్రయాణమనగా వేసవి ప్రయాణమే. 930వ సంవత్సరమునుండి దేశములోని పెద్దకాపులు ప్రతి జూనుమాసమునను థింగ్‌వెల్లిర్ అను లోయలో, ఆల్థింగి అను మహాసభకు, ఆకాశమే కప్పుగా కూడెడివారు. తూర్పు అఖాతములనుండి వచ్చువారికి గుఱ్ఱముమీద 17 దినములు పట్టెడిదని చెప్పుదురు. పదునేడు దినములు పోవుటకు, పదునేడు దినములు తిరిగివచ్చుటకు; నడుమ రెండువారముల సభ. న్యాయము కోరి ఇల్లు వెడలినవానికి వేసవి యంతయు ఆ దారిలోనే తీఱిపోయెడిది.

గుఱ్ఱమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. ఆ ద్వీపపు గుఱ్ఱము మన తట్టువలె పొట్టిది, జూలు దట్టము, నడకలలో 'తోల్త్' అనునది ఒకటి దానికి ప్రత్యేకము, ఆ నడకలో రౌతు చేతనున్న గిన్నెలోని నీరు తొణకదని దాని యజమానులు గర్వింతురు. పైదేశపు గుఱ్ఱమును ఆ నేలమీదికి రానీయరు. అంతకన్న కఠినమేమనగా, ఒకసారి ఓడయెక్కి ద్వీపము విడిచిన గుఱ్ఱమును, అది ఎంత బహుమానము గెలిచినదైనను, మరల స్వదేశములో అడుగిడనీయరు. సముద్రము దాటినవానిని వెలివేసిన పెద్దలు మనయందును ఉండిరి కాని, వారు ప్రాయశ్చిత్తమునకైనను దారి విడిచిరి.

సామానులన్నియు ఈ గుఱ్ఱముల వీపులమీదనే సాగెడివి. లోపలి పల్లెలనుండి ఉన్నియు వెన్నయు, తీరమునుండి ఎండుచేపలు. ఒక గుఱ్ఱపు పగ్గమును ముందుదానికి కట్టి, పది పండ్రెండింటిని వరుసగా నడిపించు బిడారమును 'లెస్త్' అనెడివారు. మన సీమలో లంబాడీలు పెరికెద్దులమీద ఉప్పు మోసికొనివచ్చిన రోజులు గుర్తున్న వృద్ధులకు ఈ దృశ్యమును వేఱుగ వర్ణింప నక్కఱలేదు. బండి లేదు, బండికి బాట లేదు. పందొమ్మిదవ శతాబ్దము చివఱకు గాని ఆ దేశమున చక్రము తిరుగుటకు తగిన రోడ్డు పుట్టలేదు. ఉన్నవి గుఱ్ఱపుడెక్కలు తొక్కి తొక్కి లావారాతిలో అరుగగొట్టిన జాడలు. జాడ కనబడనిచోట, ఒకదానికి పిమ్మట ఒకటిగా మనుష్యులు పేర్చిన రాళ్లగుట్టలు.

ఈ రాళ్లగుట్టలను 'వార్దా' అందురు. పొగమంచు దిగినప్పుడు ఒక గుట్టను విడిచి రెండవదానిని కనుగొనలేనివాడు ఇల్లు చేరలేడు. 1831లో బ్యార్ని తోరారెన్సెన్ అను కవి, తాను ప్రభుత్వాధికారికూడ నగుటచే, పర్వతమార్గముల సంఘమొకటి స్థాపించి, ఉన్నతభూములకు అడ్డముగా పోవు దారులపై ఇట్టి గుట్టలు కట్టించెను. కవి అధికారియైనప్పుడు ప్రజలకు ఇంత మేలు జరుగుట అన్ని దేశములందును చూడము. అయితే ఆ గుట్టలలో ఒక జాతి కవిత్వమునకే అంకితము. దానిని 'బేనకేర్లింగ్' అందురు; బొమికల ముసలమ్మ అని చెప్పవచ్చును. దారిన పోవువాడు ఆ గుట్టయొద్ద దిగి, గుఱ్ఱమునకు ఊపిరి తీసికొననిచ్చి, కాగితముముక్కమీద ఒక పద్యము వ్రాసి, దానిని చుట్టి, గొఱ్ఱెదో గుఱ్ఱముదో గుల్లబాఱిన కాలియెముకలో దోపి, రాళ్లసందున ఉంచి పోవును. పద్యము చెప్పునది వాడు కాదు, ఆ ముసలమ్మయే. ఆమె వెనుక రాబోవు ఒకానొక పెద్దమనిషిని పేరు పెట్టి పిలిచి, సరసమాడి, కొంటెగా రమ్మనును. వెనుక వచ్చు ఆ పెద్దమనిషి, ఆయన పురోహితుడైనను న్యాయాధికారియైనను సరే, తన సేవకుల యెదుట ఎముకలోని చీటీ తీసి చదువుకొనవలెను. వీనిలో నలుగురియెదుట చదువదగినవి కొన్నియే. శ్రీనాథుని పేర పలనాటినుండి వ్యాపించిన చాటువులను ఎఱిగిన మనకు, ఇరుకుదారులును చెడ్డభోజనమును ఎచ్చటనైనను ఇట్టి పద్యములనే కనునని వెంటనే బోధపడును. కాని ఎముకను తపాలాపెట్టెగా చేసికొనుట వారికే చెల్లినది.

విదేశీయులును అచ్చటికి యాత్రలకు వచ్చిరి. 1856లో ఫోమ్ అను తన పడవమీద వచ్చి, గుఱ్ఱములపై థింగ్‌వెల్లిర్‌కు, వేడినీటి ఊట చిమ్ము గేసిర్‌కు పోయి వచ్చిన డఫరిన్ ప్రభువు, అనంతరకాలమున 1884 మొదలు 1888 వఱకు మనకు రాజప్రతినిధియై కూర్చున్నాడు. ఆంగ్లకవి విలియం మోరిస్ 1871లోను 1873లోను వచ్చి తట్టుగుఱ్ఱములమీద ఆఱేసి వారములు తిరిగెను. వీరందఱు వ్రాసిన పుస్తకములు రమ్యములే. కాని ద్వీపమును చుట్టి వలయము పూర్తిచేయుట వారి సంకల్పములో లేదు; ఆ సాహసము సామాన్యులైన పోస్టుబంట్రోతులకును, గొఱ్ఱెలకాపరులకును మిగిలినది.

ఇప్పుడు ఇసుకయొద్దకు వత్తము.

ద్వీపమునకు ఆగ్నేయమున వాత్నయోకుల్ అను మంచుపీఠమున్నది. ఏడువేల చదరపు కిలోమీటర్లకు మించిన మంచు. దాని దక్షిణపు టంచున స్కేదరార్‌యోకుల్ అను హిమానీనదము క్రిందికి దిగి కరగి, సముద్రమునకును తనకును నడుమ వేయి చదరపు కిలోమీటర్ల నల్లనియిసుకను పఱచినది. ఆ యిసుకపై స్కేదరా, గీగ్యుక్విస్ల్, నూప్స్‌వోత్న్ అను ఏఱులు పాఱును. పాఱునని అన్నాను గాని, మన ఏఱులవలె ఒక గట్టును ఆశ్రయించి పాఱవు. నిన్న పాఱినచోట నేడు పాఱవు. ఇరువది పాయలై విడి, ఒకటై కలిసి, మరల విడిపోవును. నీరు బూడిదరంగు, అడుగు కనబడదు. మంచు కరగుటచే వచ్చు నీరు గనుక వేసవియెండ పెరిగినకొలది ప్రవాహము పెరుగును. తెల్లవాఱుజామున మోకాటిలోతున్న పాయ సాయంకాలమునకు గుఱ్ఱపు జీను తడుపును. ప్రయాణములకు వేసవియొక్కటే కాలమైన దేశమున, వేసవియే నదులకును మదమెక్కు కాలమగుట ఎంత విపరీతము! మన గోదావరి వేసవిలో ఇసుకతిన్నెలు బయటపెట్టి మనుష్యుని నడిచి పొమ్మనును. స్కేదరా శీతకాలములోనే కొంత శాంతించెడిది.

ఆ నీటిని దాటించుట ఒక వృత్తి. ఆ యిసుక అంచుననున్న స్కాఫ్తాఫెల్ ప్రాంతపు కొందఱు కాపులకు 'నీటి మనుష్యులు' అని పేరు. వారి గుఱ్ఱములకు 'నీటి గుఱ్ఱములు'. నీరు వెడల్పై అలలుకొట్టి చప్పుడు చేయుచోట లోతు తక్కువ. నున్నగా నూనెవలె సాగుచోట లోతు ఎక్కువ. అలయెదుట అడ్డముగా గాక, వాలుగా ప్రవాహముతో దిగి ఆవలిదరికి ఎక్కవలెను. ఇట్టి పాఠములు పుస్తకములలో లేవు. తండ్రి కొడుకును వెంటబెట్టుకొని ఏటిలో దిగి చెప్పినవి. ఇసుకకు పశ్చిమమున నూప్స్‌స్తాదుర్ అను ఒంటి కమతమున్నది. గడ్డిపెల్లలు కప్పిన చిన్న ప్రార్థనామందిర మొకటి నేటికిని అక్కడ నిలిచియున్నది. ఆ కమతపు కాపు హాన్నెస్ యోన్సన్ తపాలా మోయువాడై ఈ యిసుకను దాటుచుండెను. ఏఱు గుఱ్ఱమునకు లొంగనప్పుడు అతడు పైకి పోయి, ఏఱు పుట్టు మంచుమీదనే పగుళ్లు తప్పించుకొనుచు నడిచి ఆవలికి దిగెడివాడు. ఏటిని దాటలేకున్న దాని శిరస్సుమీదనుండి పోవుట! రేక్యావిక్‌లో అచ్చుపడిన వార్తాపత్రికను తూర్పున ఎవడైనను చదువుచున్నాడన్న, ఆ కాగితము మంచుపీఠముమీద నడిచివచ్చినదన్నమాట.

ఈ యిసుకకు తూర్పున నున్న సీమ పేరు ఓరైవి. పూర్వము దానిని చిన్నసీమ అనెడివారు. పొలములు, పల్లెలు గల చోటు. 1362లో దాని నెత్తిమీదనున్న అగ్నిపర్వతము పగిలి సీమ అంతయు పాడైనందున, దిక్కుమాలిన బీడు అను అర్థముగల ఈ పేరు వచ్చినది. కాని అగ్నికంటెను అచ్చటివారు నీటికే ఎక్కువ భయపడిరి. వాత్నయోకుల్ మంచుక్రింద గ్రీమ్స్‌వోత్న్ అను అగ్నిపర్వతమున్నది. దాని వేడిమికి పైమంచు కరగి, లోపల చెఱువై, ఏండ్లతరబడి నిలిచి, కడపట పైనున్న మంచునే పైకెత్తి, అడుగునుండి సొరంగము చేసికొని ఒక్కమాఱు బయటపడును. ఇట్టి వరదకు 'యోకుల్‌హ్లౌప్' అని వారి పేరు. ప్రపంచములోని భూశాస్త్రజ్ఞులందఱు నేడు ఆ పేరుతోనే పిలుతురు. ఇట్టిచోట వంతెన యెవడు కట్టును? కట్టినను దేనిమీద కట్టును?

ఈ యిసుకలో మనకును ఒక చిన్నచుట్టరికమున్నది. 1667లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడ, హెత్ వాపెన్ ఫాన్ ఆమ్‌స్టర్‌డాం అనునది, తూర్పుదీవులనుండి సరకులతో తిరిగిపోవుచు, ఇంగ్లీషువారితో నడచుచున్న యుద్ధమునకు వెఱచి ఉత్తరముగా చుట్టుదారి పట్టి, తుపానులో దారి తప్పి, ఈ స్కేదరా తీరమున ఇసుకకెక్కినది. పదిహేడవ శతాబ్దారంభమునుండి మచిలీపట్నములో కోఠీ పెట్టుకొని మన కలంకారి గుడ్డలను, గోలకొండ సరకును బేరమాడిన కంపెనీయే అది. ఓడవారిలో పెక్కుమంది చలికి మరణించిరి. సరకులో ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన పట్టుబట్టలను ఆ సీమవారు తరతరములు జీనులక్రిందను పడకలమీదను వాడిరని ఒక కథ. నల్లనియిసుకలో, గడ్డిపెల్లల ఇంటిలో, పట్టుపఱుపుమీద పండుకొన్న గొఱ్ఱెలకాపరిని తలచుకొన్నప్పుడు నాకు ఆ కథ నిజము కావలెనను కోరిక కలుగును.

ఆ ఓడను, దాని సరకును వెదకుటకు ఇరువదవ శతాబ్దమున కొందఱు ఏండ్లకేండ్లు ఇసుకను పరీక్షించి, 1983లో ఇసుకక్రింద ఒక ఓడను కనుగొనిరి. దేశమంతయు ఊపిరి బిగబట్టినది. చుట్టును ఇనుపగోడ దింపి త్రవ్వగా బయటపడినది ఫ్రీడ్రిష్ ఆల్బెర్ట్ అను జర్మను చేపలపడవ. 1903 జనవరిలో ఇసుకకెక్కినది. దాని నావికులు పదిదినములకు పైగా ఆ యిసుకలో ఏటికిని ఏటికిని నడుమ దారి కానక తిరిగిరి, కొందఱు మరణించిరి. ఆ దుఃఖవార్త విని, రేక్యావిక్‌లో వర్తకుడును జర్మను కాన్సలునునైన డిట్లెవ్ థామ్సెన్, ఓడలు పగిలినవారికి తలదాచుకొనుటకై 1904లో ఆ యిసుకలో ఒక గుడిసె కట్టించెను. అదే థామ్సెన్ అదే 1904లో ఆ దేశమునకు మొట్టమొదటి మోటారుకారును దింపెను. జర్మనీలో ఒకరు వాడి విడిచిన కుడెల్ బండి. కారు తెచ్చినవాని చేతనే, కారు పోజాలని యిసుకలో గుడిసెయు లేచినది. ఆ బండి, నడిచినదానికంటె ఆగినదే ఎక్కువయై, కొన్నియేండ్లకు దేశము విడిచిపోయినది.

అయినను చక్రము వచ్చినది. వంతెనలును ఒక్కొక్కటి లేచినవి. 1891లో సెల్‌ఫోస్‌యొద్ద ఓల్వుసా నదిపై ఇనుపతీగల వ్రేలాడువంతెన కట్టిరి. గుఱ్ఱములకై కట్టిన ఆ వంతెన లారీలను మోసి మోసి, 1944 సెప్టెంబరులో ఒక పాలలారీ చెడిపోయిన మఱియొక పాలలారీని లాగుకొని పోవుచుండగా తెగినది. లారీలు రెండును ఏటిలో పడినవి, ఇద్దఱు డ్రైవర్లును బ్రతికిరి. 1907లో డెన్మార్కు రాజు చూడవచ్చుచున్నాడని గేసిర్‌వఱకు ఒక బాట వేసి దానిని రాజమార్గమనిరి. 1940 మే నెలలో బ్రిటిషు సేనలు, మఱుసటియేడు అమెరికావారును దిగి, యుద్ధావసరమునకు రోడ్లు వేసిరి. అంతవఱకు ఎడమప్రక్క నడచుచున్న ఐస్‌లాండువారు కుడికి మాఱదలచిన సమయములోనే, ఎడమకు అలవాటుపడిన బ్రిటిషువారు దిగుటచే, ఆ మార్పు వాయిదాపడి, 1968 మే 26న గాని జరుగలేదు. ఒక దేశమంతయు ఒక తెల్లవాఱుజామున ఎడమనుండి కుడికి జరిగినది.

వలయము మాత్రము దక్షిణమున తెగియే యున్నది. యోకుల్సా అను భయంకరమైన పొట్టియేటిపై 1967లో, అనగా మన నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలిన యేటనే, వంతెన పడుటతో తూర్పునుండి బాట ఓరైవికి చేరినది. ఇక మిగిలినది ఇసుకయొక్కటే. ఓరైవి కాపు తన ఇంటిముంగిట నిలిచి పడమటికి చూచిన ఆవలిదరి కొండలు కనబడును. కాని కారులో అచ్చటికి పోవలెనన్న తూర్పునకు తిరిగి, ఉత్తరమంతయు చుట్టి, వేయి కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి రావలెను. పొరుగింటికి పోవుటకు ఊరంతయు తిరుగుట యన్న ఇదియే.

1974లో ద్వీపమున జనావాసము ఏర్పడి 1,100 సంవత్సరములు నిండుచుండెను. ఆ పండుగకు వలయము పూర్తి కావలెనని సంకల్పించిరి. అప్పటికి జనసంఖ్య రెండు లక్షల పైచిలుకు. ఖజానాలో అంత ధనము లేదు. అందుచే ప్రభుత్వము లాటరీ ఋణపత్రములు అచ్చువేసినది: కొన్నవాని అసలు పోదు, అదృష్టమున్న బహుమానమును తగులును. పూర్వము మనవారు సత్రములకు చందాలు వేసికొన్నట్లు, ఆ దేశప్రజలు తమ ఒడ్డాణపు కొలికికి తామే చీట్లు కట్టిరన్నమాట. ఇంజనీర్లు ఏటివెంట పరుగెత్తుట మానిరి. ఏఱు ఎచ్చట పాఱుచున్నదో అచ్చట వంతెన కట్టుటకు బదులు, పొడియిసుకలో తమకు అనువైనచోట వంతెన కట్టి, రాళ్లతో పొడవైన కరకట్టలు పోసి, ఏటిని వంతెనక్రిందికి మరలించిరి. స్కేదరాపై కట్టినది 880 మీటర్లు. ఆ దేశములోని వంతెనలన్నిటిలో పొడుగైనది. అయినను వెడల్పు ఒక్క బండికే. ఎదురుగా వేఱొకటి వచ్చినయెడల ఆగుటకై నడుమ నడుమ ఉబ్బెత్తుగా చోటు విడిచిరి. జూలై 14న దానిని తెఱచిరి. ఆ వేసవిలో దేశములో కారున్న ప్రతివాడును పిల్లలను, గుడారమును, ఎండుచేపలను వెంటగొని వలయము చుట్టుటకు బయలుదేరెనని చెప్పిన అది అతిశయోక్తి. కాని అంత పెద్ద అతిశయోక్తి కాదు.

ఇరువదిరెండేండ్లు గడచినవి. 1996 సెప్టెంబరు 30న మంచుక్రింద అగ్నిపర్వతము పగిలి, రెండువారములు మండి, కరగిన నీరంతయు గ్రీమ్స్‌వోత్న్‌లో చేరినది. నీరు వచ్చునని అందఱికి తెలియును, ఎప్పుడన్నది తెలియదు. బాట మూసి, విలేఖరులు కెమేరాలు పెట్టుకొని, వారములు వేచిరి. నవంబరు 5 ఉదయమున వచ్చినది. గంటలలో ప్రవాహము సెకనుకు సుమారు 50,000 ఘనమీటర్లకు చేరినది. మన లెక్కలో పదిహేడున్నర లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమునొద్ద గోదావరిని ముప్పదియైదు లక్షల క్యూసెక్కులతో చూచినవారికి అందులో సగమని చెప్పిన చాలును. కాని గోదావరికి ఆ నీరు నాసికము మొదలు బస్తరువఱకు సగము దక్కనులో కురిసిన వానవలన వచ్చినది. స్కేదరాకు ఒక్క మంచుగుహలోనుండి, వాన చుక్కయైనను లేకుండ వచ్చినది. ఇండ్లంత మంచుగడ్డలు నీటిలో దొర్లివచ్చి స్తంభములను ఢీకొన్నవి. గీగ్యుక్విస్ల్‌పై నున్న 376 మీటర్ల వంతెన పూర్తిగా కొట్టుకొనిపోయినది. స్కేదరా వంతెనలో ఒక భాగము విఱిగినది. మనుష్యప్రాణ మొక్కటియు పోలేదు. మూడువారములలో తాత్కాలికముగా బాట నడిపించిరి. ఆనాటి రెండు ఉక్కుదూలములను స్కాఫ్తాఫెల్ దారిప్రక్కన ఉంచినారు. మా మేనల్లుడు వాని ఛాయాచిత్రమును నాకు చూపెను: మనిషియెత్తు గల ఉక్కు, తడిబట్టను పిండినట్లు మెలిదిరిగియున్నది, మెలికలోపల ఎవరో పిల్లవాడు కూర్చుండి రొట్టె తినుచున్నాడు.

తరువాత జరిగినదే నాకు ఎక్కువ విచిత్రముగా తోచును. హిమానీనదము ఏటేట వెనుకకు తగ్గుచుండగా, దాని అంచున నేల వాలు మాఱి, 2009లో స్కేదరా తన పాతదారి విడిచి, పడమటనున్న గీగ్యుక్విస్ల్‌లో కలిసిపోయినది. దేశములోకెల్ల పొడుగైన వంతెన క్రింద ఒక చిన్న సెలయేఱు మిగిలినది. వరదలు పడగొట్టలేనిదానిని ఏఱు అలిగి విడిచిపోయి ఓడించినది! కొన్నాళ్లు బండ్లు అలవాటుచొప్పున పొడియిసుకపై ఆ 880 మీటర్లు ఒక్కొక్కటిగా, ఎదురుబండికి దారి యిచ్చుచు, దాటుచునే యుండినవి. 2017లో ప్రక్కనున్న మోర్సా అను చిన్నయేటిపై పొట్టివంతెన కట్టి బాటను మరలించి, పాతదానిని మూసిరి. ఇక వలయములో మట్టిబాటగా మిగిలిన తుదిముక్క, తూర్పున బేరుఫ్యోర్దుర్ అఖాతముయొద్దది, 2019లో తారు పూసికొనినది.

మేనల్లుడు ఆ రాత్రి కారు అద్దెకిచ్చువారి షరతులు చదివి వినిపించుచు ఒకచోట ఆగి నవ్వెను. ఇసుక, బూడిదలు కొట్టి కారు రంగు పోయినయెడల దానికి వేఱుగ బీమా చేసికొనవచ్చునట. ఏటిలో దిగి ఇంజనులోనికి నీరు పోయినయెడల మాత్రము నష్టము అద్దెకు తీసికొన్నవానిదేనట. "గుఱ్ఱానికి ఈత వచ్చురా, కారుకు రాదు" అంటిని. "అందుకే మామయ్యా, లోపలి కొండదారులు మానేశాను, ఒకటో నెంబరు రోడ్డు విడిచిపెట్టను" అని, కలము తీసి, స్కాఫ్తాఫెల్‌యొద్ద ఒక రాత్రి బసను రెండు రాత్రులు చేసెను. ఎందుకని అడిగితిని. ఆ మూసిన వంతెనమీద నడిచిపోయి, క్రింద చూచి రావలెనట.

క్రింద ఇప్పుడు నీరు లేదు. ఏఱు విడిచిన నల్లనియిసుకలో, ఎవరును నాటకుండనే, గాలికి కొట్టుకొనివచ్చిన విత్తులనుండి మోకాలెత్తు చెట్లు వేలకొలది మొలచి, కొన్నిచోట్ల మనిషియెత్తును దాటినవి. ఆ చెట్టును అచ్చటివారు 'బిర్కి' అందురు. సంస్కృతమున మనము దానిని భూర్జ మందుము. పూర్వులు హిమవంతమున దాని పట్టమీదనే గ్రంథములు వ్రాసిరి. రెండుపేరులును ఒకే ప్రాచీనపదమునుండి చీలినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. "మరి ఏ దిక్కునుంచి పోతున్నావు?" అని పటము మడుచుచున్న మేనల్లుని అడిగితిని. ఉత్తరమునుండియే పోవుదుననెను, ఇసుక చివఱకు రావలెనని కాబోలు. మా అక్కయ్య లోపలినుండి దీపమార్పుమని కేక వేసినది.